పథ్యం కన్నా వేళ ముఖ్యం



వార్డు నుండి ఇంటికి పంపే రోజున మందుల చీటీ చేతిలో పెట్టగానే బంధువులు అడిగే మొదటి మాట, "సిస్టర్ గారూ, పథ్యం ఏమిటి?" అని. మాత్ర ఎన్ని గంటలకు వేయాలి, మళ్ళీ ఎప్పుడు చూపించుకోవాలి అనేవి ఆ తరువాతనే. ఆ ప్రశ్నలో ప్రేమ ఉన్నది కనుక మేము దానిని కొట్టివేయము. అయితే మయస్తీనియా గ్రావిస్ అనే జబ్బు విషయంలో మాత్రం, మన ఇళ్ళలో పెట్టే పథ్యం రోగికి మేలు కంటె కీడే ఎక్కువ చేస్తున్నదని మా అభిప్రాయం. మేము డాక్టర్లము కాము. చదివినది నర్సింగు డిప్లొమా. కానీ రోగి పక్కన కూర్చుని ముద్ద గొంతు దిగుతున్నదా లేదా అని చూసే పని మాది. ఆ అనుభవంతోనే ఈ నాలుగు మాటలు వ్రాస్తున్నాము.

ముందు జబ్బు సంగతి. మన ఒంటికి కాపలా కాసే రోగనిరోధక శక్తి పొరపాటున మన సొంత శరీరం మీదికే తిరగబడితే దానిని ఆటోఇమ్యూన్ జబ్బు అంటారు. నరం చివర నుండి కండరానికి "కదులు" అనే కబురు ఒక రసాయనం ద్వారా అందుతుంది. దాని పేరు అసిటైల్‌కోలిన్. ఈ జబ్బు ఉన్న చాలామందిలో, కండరం మీద ఆ కబురు అందుకునే చోట్లను రక్తంలోని యాంటీబాడీలు మూసివేస్తాయి, పాడుచేస్తాయి. కబురు సగంలో ఆగిపోతుంది. అందుకే కండరం కొంచెం పని చేయగానే అలసిపోతుంది, విశ్రాంతి ఇస్తే మళ్ళీ తేరుకుంటుంది. కనురెప్ప వాలిపోవడం, ఒక వస్తువు రెండుగా కనిపించడం, మాట ముక్కుతో వచ్చినట్లు ఉండడం, నమలలేకపోవడం, మింగలేకపోవడం దీని గుర్తులు. మందిరంలో పాట మొదటి చరణం చక్కగా పాడిన మనిషికి మూడవ చరణం దగ్గర గొంతు జారిపోతుంది. ఉదయం బాగానే ఉంటుంది, పొద్దు వాలే కొద్దీ నీరసం పెరుగుతుంది. ఆడవారిలో ఎక్కువగా నలభై ఏళ్ళ లోపు, మగవారిలో ఎక్కువగా అరవై దాటాక కనిపిస్తుంది. ఒకరి నుండి ఒకరికి అంటుకునేది కాదు.

ఉదయం బాగుండి సాయంత్రానికి నీరసించడం అనే ఈ గుణమే మన ఇళ్ళలో సగం గొడవలకు కారణం. "పొద్దున బాగానే తిరిగింది గదా, గిన్నెలు తోమే వేళకు ఎక్కడలేని నీరసం వచ్చిందా?" అనే మాట మేము ఎన్నోసార్లు విన్నాము. అన్నది చెడ్డవారు కాదు. జ్వరమైతే చెయ్యి పెట్టి చూడవచ్చు, పుండైతే కంటికి కనిపిస్తుంది. ఇది రెండూ కాదు. కోడలికి బద్ధకం అనే పేరు వచ్చాకగాని ఆసుపత్రి గుర్తుకు రాదు. అప్పటికీ మొదట "నరాల బలహీనత" అనే పేరు పెట్టి బలం ఇంజెక్షన్లు, సెలైన్ బాటిళ్ళు, టానిక్కులు నడుస్తాయి. నరాల బలహీనత అనే మాట మన జిల్లాలో ఒక పెద్ద సంచి. తిమ్మిరి, నిద్ర పట్టకపోవడం, చేతులు వణకడం, భయం, అన్నీ అందులోనే వేస్తాము. మయస్తీనియా రోగి ఆ సంచిలో నెలల తరబడి కనబడకుండా ఉండిపోతాడు. సెలైన్ వలన ఈ జబ్బు తగ్గదు. బి కాంప్లెక్సు వలన తగ్గదు. విజయవాడ వంటి చోట నరాల డాక్టరు గారు పరీక్షించి, రక్తంలో యాంటీబాడీలు చూసి, ఛాతీలోని థైమస్ గ్రంథికి స్కాన్ తీయించి నిర్ధారించవలసిన జబ్బు ఇది. కొందరిలో ఆ గ్రంథిలో గడ్డ ఉంటుంది. గడ్డ లేని కొందరిలో కూడా గ్రంథిని తీసివేస్తే మేలు కలుగుతున్నట్లు 2016లో వెలువడిన ఒక పెద్ద పరిశోధన తేల్చింది.

ఇక పథ్యం. వంకాయ వాతం, గోంగూర వాతం, గుడ్డు వేడి, చేప నీచు, పెరుగు చలువ అని ఒక్కొక్కటే తీసివేస్తే చివరకు విస్తరిలో మిగిలేది చారన్నం, కారప్పొడి. ఈ జబ్బు వంకాయ వలన రాలేదు, వంకాయ మానితే పోదు. ఏ కూర తిన్నందువలననైనా ఈ యాంటీబాడీలు పుడతాయని ఎవరూ నిరూపించలేదు. పైగా చాలామంది రోగులు స్టీరాయిడ్ మాత్రలు కూడా వాడతారు. ఆ మాత్రలు ఎక్కువ కాలం వాడితే కండ కరుగుతుంది, ఎముక గుల్లబారుతుంది. అటువంటి మనిషికి పప్పు, గుడ్డు, చేప, పాలు మాన్పించి చారన్నం పెట్టడం ఎటువంటి వైద్యమో మాకు అర్థం కాదు.

సినీ నటి సమంత గారు 2022 అక్టోబరులో తమకు మయోసైటిస్ ఉన్నదని ప్రకటించినప్పటి నుండి, సెల్ ఫోనులో ఏవో ఆహారపు పట్టికలు చూపించి "ఇది పెట్టమంటారా?" అని అడిగేవారు ఎక్కువయ్యారు. ఆమెకు వచ్చినది కండరంలోనే వాపు తెచ్చే వేరొక ఆటోఇమ్యూన్ జబ్బు. ఒక జబ్బు పట్టిక ఇంకొక జబ్బుకు పనికిరాదు. మయస్తీనియాతో బ్రతికినవారి పేరు కావాలంటే అమితాబ్ బచ్చన్ గారు ఉన్నారు. ఆయనకు 1984లో ఈ జబ్బు బయటపడింది. ఆ తరువాత ఎన్ని దశాబ్దాలు పని చేశారో అందరికీ తెలిసినదే. ఈ జబ్బు పేరు విని ఇంట్లో దిగులు పడేవారికి మేము ఆ సంగతి చెబుతూ ఉంటాము.

ఆహారానికీ నరాల జబ్బులకూ అసలు సంబంధమే లేదా అని అడిగితే, ఒకచోట ఉన్నది. 2025 ప్రారంభంలో పూణేలో గులియన్ బారీ అనే జబ్బు ఒక్కసారిగా చాలామందికి వచ్చింది. కలుషితమైన నీరు, అందులోని క్యాంపిలోబ్యాక్టర్ అనే క్రిమి కారణమని అనుమానించారు. ఆ ఫిబ్రవరిలోనే మన గుంటూరు సర్వజనాసుపత్రిలో కూడా ఆ జబ్బుతో ఒక మరణం సంభవించింది. అదీ ఆటోఇమ్యూన్ జబ్బే, అది నరాలను దెబ్బతీస్తుంది. కానీ అక్కడి పాఠం వంకాయ మానమని కాదు. నీళ్ళు కాచి త్రాగమని, కోడిమాంసం లోపలి వరకు ఉడికించమని, అన్నం ముందు చేతులు కడగమని. మయస్తీనియా రోగి ఇంట్లో ఈ శుభ్రత రెండింతలు అవసరం. ఎందుకంటే ఏ జ్వరమైనా, ఏ దగ్గైనా, ఏ విరేచనమైనా ఈ జబ్బును రేపుతుంది.

సరే, మరి ఏది ముఖ్యం? వేళ.

ఈ జబ్బులో మొదట ఇచ్చే మాత్ర పిరిడోస్టిగ్మిన్. ఈ రకం మందుకు ఒక కథ ఉన్నది. 1934లో లండనులో మేరీ వాకర్ అనే లేడీ డాక్టరు, ఈ జబ్బు గుర్తులు అప్పటి క్యురారే అనే విషం ఎక్కినవారి గుర్తులవలె ఉన్నాయని గమనించి, ఆ విషానికి విరుగుడుగా వాడే మందును రోగికి ఇచ్చి చూశారు. వాలిన రెప్ప లేచింది. ఈనాటి మాత్ర ఆ కుటుంబానికి చెందినదే. అది వేసిన అరగంట, ముప్పావుగంటకు పని మొదలుపెడుతుంది. మూడు, నాలుగు గంటలు, కొందరిలో ఇంకొంచెం ఎక్కువ సేపు ఉంటుంది. తరువాత దిగిపోతుంది. అంటే మాత్ర వేసిన ముప్పావుగంటకు భోజనానికి కూర్చుంటే దవడకు, గొంతుకు బలం ఉంటుంది. అన్నం తిని మాత్ర వేస్తే, తినేటప్పుడు అవస్థ పడి, తిన్న తరువాత బలం వస్తుంది. షుగరు మాత్ర, బి.పి. మాత్ర అలవాటైన ఇళ్ళలో అన్ని మాత్రలూ ఒకే గుప్పిట్లో వేసి "తిన్నాక మింగు" అంటారు. ఈ మాత్రను అలా కలపవద్దు. ఖాళీ కడుపున కొందరికి కడుపులో మెలిపెట్టడం, విరేచనం, నోట్లో నీరూరడం కలుగుతాయి. అటువంటివారు రెండు బిస్కెట్లో, కాసిని పాలో తీసుకుని మాత్ర వేసుకుంటే సరిపోతుంది. ఎన్ని మాత్రలు, రోజుకు ఎన్నిసార్లు అన్నది డాక్టరు గారే చెప్పాలి. మీ పని గడియారం చూడడం.

ఇక్కడ మన ఇళ్ళలోని ఒక అలవాటు గురించి కొంచెం గట్టిగానే చెప్పవలసి ఉన్నది. మన ఇళ్ళలో ఆడవారు ఆఖరున తింటారు. పిల్లలు తిని, మగవారు తిని, టీవీ సీరియల్ అయిపోయి, గిన్నెలు సర్ది రాత్రి తొమ్మిదిన్నర, పది గంటలకు మిగిలినది తింటారు. మామూలు మనిషికే అది మంచిది కాదు. మయస్తీనియా ఉన్న స్త్రీకి ఒంట్లో బలం అడుగంటే సమయం సరిగ్గా అదే. ముద్ద గొంతులో నిలిచిపోయేది, నీళ్ళు ముక్కులోంచి వచ్చేది, పొలమారి ఊపిరితిత్తుల్లోకి మెతుకు పోయి నిమ్ము చేసేది ఎక్కువగా ఈ రాత్రి భోజనంలోనే. అందుచేత ఆ ఇంటివారికి మా మనవి ఇది: ఆమెను మొదట తిననివ్వండి. పెద్ద భోజనం ఉదయమో మధ్యాహ్నమో పెట్టండి. రాత్రిది పెందలకడనే, ఏడు గంటల లోపు, కొద్దిగా, మెత్తగా ఉండాలి. రెండు పూటలు కడుపు నిండా తినే బదులు నాలుగైదుసార్లు కొంచెం కొంచెంగా తింటే దవడ అలసిపోదు. అత్తగారు "ముందు నువ్వు తినమ్మా" అని ఒక్క మాట అంటే చాలు, మేము ఇచ్చే సలహాలలో సగం అమలు జరిగినట్లే.

ఎలా తినాలన్నది కూడా చెబుతాము. నిటారుగా కూర్చోవాలి, పడుకుని తినకూడదు. తినే ముందు పది నిమిషాలు మాటలు తగ్గించి విశ్రాంతి తీసుకోవాలి. నోట్లో ముద్ద ఉండగా మాట్లాడకూడదు, మాట్లాడించకూడదు. మింగేటప్పుడు గడ్డం కొంచెం దించాలి. తిన్నాక అరగంట వరకు పడుకోకూడదు. మనం మామూలుగా పప్పుతో మొదలుపెట్టి కూర, పులుసు, చారు, పెరుగు అని వరుసగా తింటాము. వీరు గుడ్డు, చేప, కూర ముక్కలు మొదటి ముద్దల్లోనే తినాలి, ఎందుకంటే అప్పుడే నమిలే బలం ఉంటుంది. చివరకు పెరుగన్నం. అరచేతితో గడ్డం క్రింద ఆనించుకుని నములుతూ ఉంటే అది అలవాటు అనుకోవద్దు, దవడ నిలవడం లేదని అర్థం. ఆ రోజు అన్నం ఇంకొంచెం మెత్తగా ఉడికించండి.

మెత్తదనానికి మన వంటింట్లో కొరత లేదు. ఇడ్లీ, ముద్దపప్పు, పెసరకట్టు, సొరకాయ, పొట్లకాయ పాలు పోసిన కూర, రాగి జావ, గుడ్డు పొరటు, ముల్లు తీసిన కొరమీను, చక్కెరకేళి పండు. జంతికలు, అప్పడాలు, అటుకులు, మరమరాలు, ఎండిన చపాతీ, పీచుగా ఉండే మాంసం ముక్కలు మాత్రం పొలమారతాయి. మంచినీళ్ళ వంటి పలుచటివి ముక్కులోకి వస్తున్నవారికి చిక్కటి మజ్జిగ, జావ వంటివి సులువు. పొగలు కక్కే వేడిగా కాకుండా గోరువెచ్చగా చేసి పెట్టండి. ప్రభువు బల్ల దగ్గర పొడి రొట్టె గొంతుకు అడ్డుపడుతున్నదని చెప్పుకోవడానికి సిగ్గుపడేవారు ఉన్నారు. ముందుగా పాస్టరు గారితో ఒక మాట చెబితే చిన్న ముక్కను ద్రాక్షరసంలో తడిపి ఇవ్వడం కష్టమేమీ కాదు.

స్టీరాయిడ్ వాడేవారికి అదనంగా మూడు సంగతులు. ఉప్పు తగ్గించాలి. మన ప్రాంతంలో ఉప్పు అంటే కూరలో వేసేది కాదు, ఆవకాయ, ఎండు చేపలు, వడియాలు. రెండవది, ఆ మాత్రలు ఆకలిని విపరీతంగా పెంచుతాయి, షుగరునూ పెంచుతాయి. ఆకలేసినప్పుడల్లా స్వీట్లు, బేకరీ సరుకు కాకుండా మజ్జిగ, ఉడికించిన శనగలు మెత్తగా మెదిపి, జామపండు గింజ తీసి ఇవ్వవచ్చు. షుగరు వచ్చినవారు పైన చెప్పిన అరటిపండు సగానికి తగ్గించాలి. మూడవది, ఎముకల కోసం పాలు, పెరుగు, రాగులు, నువ్వులు, ఉదయపు ఎండ. స్టీరాయిడ్ వలన ఒళ్ళు వస్తున్నదని, మొహం గుండ్రంగా అవుతున్నదని పెళ్ళి కావలసిన పిల్లలు చెప్పకుండా మానేస్తారు. ఒక్కసారిగా మానితే ప్రాణం మీదికి వస్తుంది. తగ్గించవలసినప్పుడు డాక్టరు గారే కొద్దికొద్దిగా తగ్గిస్తారు.

"రోగనిరోధక శక్తి పెంచే" పొడులు, కషాయాల గురించి. ఈ జబ్బులో ఆ శక్తి తక్కువై కాదు, దారి తప్పి బాధ. దానిని అదుపులో పెట్టడానికే స్టీరాయిడ్, అజాథయోప్రిన్ వంటి మందులు ఇస్తారు. ఒక చేత్తో దానిని అణచే మాత్ర, ఇంకొక చేత్తో పెంచుతామని చెప్పే పొడి! కరోనా కాలంలో తిప్పతీగ వాడిన కొందరికి కాలేయం దెబ్బతిన్నదని ముంబయి వైద్యులు 2021లో ప్రచురించారు. ఆయుష్ మంత్రిత్వ శాఖ దానితో ఏకీభవించలేదు. ఆ వాదన వారికి వదిలివేద్దాము. ఆటోఇమ్యూన్ జబ్బు ఉన్నవారు ఆ వాదన తేలే వరకు తమ కాలేయంతో ప్రయోగం చేయనవసరం లేదని మా మాట.

ఎండ సంగతి. వేడికి ఈ జబ్బు ముదురుతుంది, చల్లదనానికి తేరుకుంటుంది. వాలిన రెప్ప మీద రెండు నిమిషాలు మంచుగడ్డ పెడితే లేచిందా అని చూసే పరీక్ష కూడా ఉన్నది. రోళ్ళు పగిలే రోహిణి కార్తెలో మధ్యాహ్నం పూట పొయ్యి దగ్గర నిలబడడం, బట్టలు ఉతకడం, నాట్లకు వంగడం వీరి వలన కాదు. పని మానమని మేము చెప్పము. మాత్ర వేసిన గంటకు, తెల్లవారుజామున, కూర్చుని చేయగల పనిని కూర్చుని చేయమని చెబుతాము. మన చల్లపల్లిలో 2014 నుండి స్వచ్ఛ చల్లపల్లి కార్యకర్తలు చీకటితోనే లేచి రోడ్లు శుభ్రం చేసి, చెట్లు పెంచారు. ఆ నీడన, ఆ వేళకు, అలసట రాకముందే ఆగిపోయేటంత నడక మందులతో జబ్బు అదుపులో ఉన్నవారికి మంచిది. మధ్యాహ్నం ఒక గంట కునుకు తప్పనిసరి. పట్టపగలు కోడలు నిద్రపోవడం చూడలేని ఇరుగుపొరుగుకు, అది మందుల చీటీలో వ్రాసి ఉన్నదని చెప్పండి. కావాలంటే మేము వ్రాసి సంతకం పెట్టి ఇస్తాము. చుట్ట, బీడీ, సారా గురించి వేరే చెప్పనవసరం లేదు.

శ్రమ దినాలలో నలభై రోజుల ఉపవాసం, శుభ శుక్రవారం, ఉపవాస కూటాలు, డిసెంబరు 31 రాత్రి ఆరాధన ఎంతో భక్తితో చేసే కుటుంబాలు మనవి. పొరుగున కార్తీక సోమవారాలు, రంజాను అలాగే చేసేవారున్నారు. మయస్తీనియా రోగులు ఉపవాసం ఉండరాదని మా అభిప్రాయం. మాత్ర గంటల ప్రకారం వేయాలి. ఖాళీ కడుపున స్టీరాయిడ్ పుండు చేస్తుంది. రాత్రంతా మేలుకుంటే మరునాడు మింగుడు పడదు. ఇంకొక రకంగా మానుకోవచ్చు గదా: సెల్ ఫోను మానవచ్చు, కోపం మానవచ్చు. మోకరించి లేవలేనివారు కుర్చీలో కూర్చుని ప్రార్థన చేయవచ్చు.

అన్నిటికంటె మాకు భయం కలిగించేది మామూలు జ్వరం. జ్వరం రాగానే సందు చివరి ఆర్‌ఎంపీ గారి దగ్గరకు వెళతాము, ఆయన యాంటీబయాటిక్ ఇస్తారు. సిప్రోఫ్లోక్సాసిన్, లీవోఫ్లోక్సాసిన్, అజిత్రోమైసిన్ మాత్రలు, జెంటామైసిన్, అమికాసిన్ ఇంజెక్షన్లు ఈ జబ్బును ఒక్కసారిగా పెంచగలవు. సిప్రోఫ్లోక్సాసిన్ జాతి మందులపై అమెరికా ప్రభుత్వం 2011లో మయస్తీనియా గురించి నల్ల గీతల హెచ్చరిక ముద్రింపజేసింది. మలేరియాకు ఇచ్చే క్వినైన్, క్లోరోక్విన్, చేతులు వణుకుతున్నాయని ఇచ్చే ప్రోప్రనొలాల్, మెగ్నీషియం ఇంజెక్షను కూడా అటువంటివే. గ్యాసుకు త్రాగే తెల్ల మందులోనూ, విరేచనం మందులోనూ మెగ్నీషియం ఉంటుంది, అడగకుండా సీసాలు సీసాలు త్రాగవద్దు. జబ్బు సంగతి తెలిసిన డాక్టరు గారు అవసరమని ఇస్తే అది వేరు. అందుకే "నాకు మయస్తీనియా గ్రావిస్ ఉన్నది, ఏ మందు ఇచ్చే ముందైనా ఇది గమనించండి" అని తెలుగులో ఒక కాగితం వ్రాయించి, వాడే మాత్రల పేర్లు క్రింద వేసి, రేషను కార్డు ఉన్న సంచిలోనే పెట్టుకోండి. పంటి డాక్టరుకు, కంటి డాక్టరుకు, మందుల దుకాణంలో కూడా చూపండి. ఫ్లూ టీకా, న్యుమోనియా టీకా వేయించుకోవడం గురించి మీ డాక్టరు గారిని అడగండి.

ఇంట్లోవారు నేర్చుకోవలసిన పరీక్ష ఒకటి ఉన్నది. రోగిని నిండా గాలి పీల్చుకుని, మళ్ళీ పీల్చకుండా ఒక్క ఊపిరితో ఒకటి, రెండు, మూడు అని లెక్కపెట్టమనండి. బాగున్న రోజున ఎంత వరకు లెక్కపెట్టగలిగారో గోడ క్యాలెండరు మీద వ్రాసి ఉంచండి. ఆ అంకె రోజురోజుకూ తగ్గుతున్నా, ఇరవై కూడా చేరలేకపోతున్నా, తల నిలవకపోయినా, ఉమ్మి మింగలేకపోతున్నా, దగ్గుకు బలం చాలకపోయినా తెల్లవారే వరకు ఆగవద్దు. 108కి ఫోను చేయండి. అంబులెన్సు వచ్చే వరకు వెల్లకిలా పడుకోబెట్టకండి, తల ఎత్తుగా ఉంచి కూర్చోబెట్టండి. నోట్లో నీళ్ళు, పాలు పోయకండి. భయంతో మాత్ర మీద మాత్ర వేయకండి, ఆ మాత్ర మోతాదు మించినా ఊపిరి అందదు. ఆ కాగితం, ఆ మాత్రల డబ్బా రెండూ రోగితోపాటు అంబులెన్సు ఎక్కించండి.